నీళ్ళు మోసినవాడు

2004లో మా ఆఫీసులో చాలామంది చేతికి పసుపురంగు రబ్బరు పట్టీ ఉండేది. నాకూ ఉండేది. వెల ఒక్క డాలరు. కాన్సరునుంచి బతికి బయటపడి టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫౌండేషన్‌ది. కాలేజీ రోజుల్లో తొక్కిన డొక్కు అట్లాస్ తప్ప మరో సైకిలు ఎరగని నేను, జూలై వచ్చిందంటే పొద్దున్నే టీవీ ముందు కూర్చునేవాణ్ణి.

చూడగా చూడగా తెలిసింది, పేరు ఒక్కడికే వచ్చినా ఆ రోజుల్లో పందెం తొక్కే జట్టు తొమ్మిదిమందిదని. ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకని నాయకుడి ముందు తొక్కేవాళ్ళూ, జట్టు కారు దాకా వెనక్కెళ్ళి నీళ్ళసీసాలు చొక్కాలో కుక్కుకుని తెచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని దొమెస్తీక్ అంటారు. ఫ్రెంచిలో ఇంటి నౌకరని అర్థంట. ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్లలోనూ అతనితోపాటు తొక్కినవాడు జార్జ్ హింకాపీ ఒక్కడే.

ఫ్రాంకీ ఆండ్రూ అని ఇంకొకడు, మా మిషిగన్‌లోని డియర్‌బార్న్ వాడే. 1996లో ఆసుపత్రి గదిలో ఆర్మ్‌స్ట్రాంగ్ తను వాడిన మందుల సంగతి డాక్టర్లకి చెబుతుంటే విన్నామని, 2005లో ఒక కేసులో ఇతనూ భార్య బెట్సీ ప్రమాణం చేసి చెప్పారు. 2006 సెప్టెంబరులో, 1999 టూర్‌కి తయారవుతూ తను ఈపీఓ వాడానని పత్రికకి ఒప్పుకున్నాడు. ఎర్రకణాల్ని పెంచి కండరాలకి ప్రాణవాయువు ఎక్కువగా అందించే హార్మోను అది. పాపం, తన తప్పు తను చెప్పుకున్నాడు. అయినా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ద్రోహులైపోయారు. బెట్సీకి పిచ్చన్నారు. నేనూ నమ్మాను. చేతికి పట్టీ ఉందిగా!

ఫ్లాయిడ్ లాండిస్ కథ వేరు. 2006 టూర్ గెలిచి, పరీక్షలో దొరికి, కాదు కాదంటూ పుస్తకం రాసి, అభిమానుల దగ్గర చందాలు పోగుచేసి, చివరికి 2010 మేలో అంతా బయటపెట్టాడు. అతని మాట నమ్మడానికి చాలామందికి మనసొప్పలేదు. 2012 అక్టోబరు 10న అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ నివేదిక వచ్చింది. సాక్ష్యం చెప్పిన పాత సహచరులు 11 మంది. వాళ్ళలో హింకాపీ ఉన్నాడు. తనూ వాడానని అదే రోజు ప్రకటించాడు. అతనికి పడింది ఆరు నెలల నిషేధం. అప్పటికే రిటైరైపోయాడు కూడా. ఆరేళ్ళ ముందు నోరు విప్పినవాడి గతి తల్చుకుంటే ఇదేం న్యాయం అనిపించింది.

కానీ హింకాపీ మీద కోపం తెచ్చుకుందామంటే నావల్ల కాలేదు.

2001లో ఎం.ఎస్. పూర్తిచేసి బయటికొచ్చేసరికి ఉద్యోగాల్లేవు. ఒక కన్సల్టింగ్ కంపెనీ వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో నలుగురం. అందరి రెజ్యూమేల్లోనూ లేని ఐదేళ్ళ అనుభవం. సైకిలు పందాలవాళ్ళు ఆ మౌనాన్ని ఒమెర్తా అనేవారట, ఇటలీ మాఫియా మాట. మేం గుట్టు అనేవాళ్ళం. నాకు ఫోన్‌లో నోరు పెగలదని, నా పేరు చెప్పి ఇంటర్వ్యూ ఇచ్చింది నా రూమ్మేటు. నెల తర్వాత అదే క్లయింటు దగ్గర, పక్క టీములో, వాడికీ పని దొరికింది. కారు నాకు లేదు. రోజూ వాడే దింపేవాడు, పార్కింగ్ లాటు చివర, ఎవరూ చూడకుండా.

వాడి రెజ్యూమేలో రిఫరెన్సు నంబరుకి ఎవరో ఫోన్ చేశారు. గెస్ట్‌హౌస్‌లో నిద్రమత్తులో ఉన్న కొత్త కుర్రాడు ఎత్తి, "ఏ కంపెనీ అండీ?" అన్నాట్ట. మధ్యాహ్నం మేనేజరు నన్ను పిలిచి, ఇతను నీకు తెలుసా అని అడిగింది. తెలీదన్నాను. కిటికీలోంచి వాడు అట్టపెట్టెతో కారు వైపు వెళ్తుండడం కనిపించింది. నెల తిరక్కుండా ఇండియా వెళ్ళిపోయాడు. ఆ నెలంతా వాడే వండాడు, నేను తిన్నాను. ఆ విషయం మాత్రం ఎత్తలేదు.

2013 జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఓప్రా విన్‌ఫ్రీ ముందు ఒప్పుకున్నాడు. ఏడు టూర్లలోనూ వాడానన్నాడు. ఆసుపత్రి గది సంగతి అడిగితే మాత్రం జవాబివ్వనన్నాడు. ఆ ఒక్కటీ ఒప్పుకుంటే బెట్సీకి ఎంత ఊరటగా ఉండేదో! ఆ ఆదివారం సాయంత్రం వాడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పిల్లలూ, ఉద్యోగం, మోకాళ్ళ నొప్పులూ అయ్యాయి.

"ఒరే, ఆ రోజు నువ్వెవరో తెలీదని చెప్పాన్రా" అన్నాను.

కాసేపు ఏం వినపడలేదు. ఫ్యాను చప్పుడు తప్ప.

"నన్నూ అడిగింది రా ఆవిడ, నీ గురించి. నేనూ తెలీదనే చెప్పాను" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను టైము. వాడికి తెల్లవారుజాము నాలుగు.