సీటు ఎత్తు

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి తన కొండ సైకిలును కారు మీద కట్టుకుని హాలియాకు తెచ్చాడు. హ్యాండిలు పక్కన చిన్న మీట ఒకటి ఉంది. సీటు మీద కూర్చుని దాన్ని నొక్కితే సీటు కిందికి దిగుతుంది. లేచి నొక్కితే లోపలున్న గాలి స్ప్రింగు దాన్ని మళ్ళీ పైకి లేపుతుంది. దీన్ని డ్రాపర్ పోస్టు అంటారట.

ఎందుకురా ఇది అని అడిగాను. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు పైనుంటే కాలు పూర్తిగా సాగి బలం అందుతుంది. దిగేటప్పుడు కిందికుంటే ఒంటి బరువును వెనక్కి జరుపుకోవచ్చు, ముందుకు పల్టీ కొట్టే భయం తగ్గుతుంది అన్నాడు. 1980ల్లో అమెరికాలో జో బ్రీజ్, జాష్ ఏంజెల్ అనే ఇద్దరు 'హైట్ రైట్' పేరుతో ఒక స్ప్రింగు చేశారు. దానితో సైకిలు దిగకుండానే సీటు మార్చుకోగలిగినా, చేయి సీటు కిందికి పోవాల్సిందే. ఆ పని హ్యాండిలు దగ్గరి మీటకు చేరింది తర్వాతే. 2022 మార్చిలో మాతెయ్ మొహోరిచ్ ఇలాంటి సీటుతోనే పోజ్జియో కొండ దిగి మిలాన్-శాన్ రెమో పందెం గెలిచాడు.

ఇవన్నీ వింటుంటే నా మనసు వేరే సీటు దగ్గరికి పోయింది.

మా నాయిన సాగరు ఎడమ కాలువ మీద లస్కరు. 1967 ఆగస్టులో ఆ కాలువకు నీళ్ళు వదిలాక మా ప్రాంతపు బతుకులు మారాయి; ఆ నీళ్ళను తూముల దగ్గర కాచుకునే పని మా ఇంటికి అన్నం పెట్టింది. రోజూ కట్ట వెంట 22 అంగుళాల సైకిలు మీద తిరిగేవాడు. పొడుగు మనిషి, సీటు బాగా పైకి ఉండేది.

నాకు పన్నెండేళ్ళప్పుడు కైంచి తొక్కడం మానేసి సీటెక్కాలని పట్టుబట్టాను. కాళ్ళు అందక రెండుసార్లు కట్ట మీది నుంచి దొర్లాను. ఒక సాయంత్రం నాయిన పానా తీసుకుని, తుప్పు పట్టిన నట్టును కిరసనాయిలు పోసి వదులు చేసి, సీటును ఇక దిగనంత కిందికి దింపాడు. ఆ రోజు కాలి వేళ్ళతో పెడళ్ళు అందుకున్నాను. లోకమే అందినట్టనిపించింది.

పొద్దున్నే ఆ సైకిలు మీదే నాయిన డ్యూటీకి పోవాలి. మొరాయించే ఆ నట్టును రోజుకు రెండుసార్లు ఎవరు విప్పుతారు? నేను పూర్తిగా నేర్చుకునేదాకా, మోకాళ్ళు పొట్టకు తగులుతుండగా ఆయన అలాగే తొక్కాడు. దారిలో జనం నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది. ఆ నవ్వే ఇప్పుడు గుచ్చుకుంటోంది.

అబ్బాయి సైకిలును అరుగు దగ్గర నిలిపి, తాతకు మీట నొక్కి చూపించాడు. ఆయన రెండు మూడుసార్లు సీటును దింపి, లేపి చూసి, "అంటే ఇగ పానాతోని పనే లేదన్నట్టు!" అన్నాడు.

"నాయినా, అప్పుడు మోకాళ్ళు నొయ్యలేదా నీకు?" అని ఇన్నేళ్ళకు అడిగాను.

"ఎప్పుడు బిడ్డా?" అన్నాడు.

గుర్తు చేశాను. ఆయనకు గుర్తు రాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీ నాన్నగారి సైకిలు సీటు ఎంత ఎత్తులో ఉండేదో, మీలో ఎవరికైనా గుర్తుందా?