రంగంలో టీ బల్ల ఆటలు

మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అనేవారు. "వాడు రంగం వెళ్ళిపోయాడు" అంటే ఇల్లూ వాకిలీ వదిలి సముద్రం దాటాడని అర్థం. 1989 నుంచి ఆ ఊరి సర్కారీ పేరు యాంగోన్. మేము నలుగురం అక్కడికి రెండుసార్లు వెళ్ళివచ్చాం: 2013లో ఒకసారి, 2019 డిసెంబరులో ఇంకోసారి. ష్వేడగోన్ పగోడా బంగారం గురించి చెప్పేవాళ్ళు మన సంఘంలోనే నలుగురైదుగురున్నారు, వాళ్ళకి పోటీ రావడం మా ఉద్దేశం కాదు. మేము రాయదలచుకున్నది అక్కడి టీకొట్ల గురించీ, వాటిలో చేతులు మారే కాగితాల గురించీ.

రంగం టీకొట్టులో కుర్చీలు చంటిపిల్లలకి చేయించినట్టుంటాయి. మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. బల్ల మీద ఫ్లాస్కు నిండా పాలూ పంచదారా లేని పల్చటి టీ ఎప్పుడూ ఉంటుంది, దానికి డబ్బు పుచ్చుకోరు. డబ్బిచ్చి తాగేది డబ్బాపాలు పోసిన టీ. తీపీ పాలూ ఎక్కువ కావాలంటే చోసేం అనాలి, డికాక్షన్ గట్టిగా ఉండాలంటే చాసేం అనాలి. ఈ పాలటీ అలవాటు ఇంగ్లీషువాళ్ళ కాలంలో మనదేశం నుంచి వెళ్ళినవాళ్ళు పెట్టిందే. సమోసా, పరోటా కూడా అలా వెళ్ళినవే. పరోటా అక్కడ పలాటా అయింది, దోసె థోసే అయింది. పనికుర్రాణ్ణి పిలవాలంటే పెదాలతో ముద్దుపెట్టినట్టు చప్పుడు చెయ్యాలి. మాలో ఒకావిడ, రిటైరయిన డాక్టరు, మొదటిరోజు ఆ చప్పుడు విని గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. మూడోరోజుకి తనే చేసింది. ఆ పనికుర్రాళ్ళలో చాలామంది పన్నెండు పదమూడేళ్ళవాళ్ళు, పల్లెల నుంచి వచ్చి కొట్టులోనే పడుకుంటారు. ఆ సంగతి తెలిశాక టీ అంత రుచిగా ఉండదు.

ఒక్క టీ తాగి మూడుగంటలు కూర్చున్నా లెమ్మనే నాథుడు ఉండడు. అసలు విషయం ఇక్కడే ఉంది.

2019లో ఊరి నడిబొడ్డున నెంబర్లతో పిలిచే వీధుల్లో ఒకదానిలో, మా హోటలు కింద ఉన్న టీకొట్టుకి రోజూ సాయంత్రం వెళ్ళేవాళ్ళం. పక్కబల్ల దగ్గర నలుగురు కుర్రవాళ్ళూ ఒక అమ్మాయీ. బల్ల మీద ఒక జెరాక్సు కాగితం, సాసర్లో ఒక పాచిక. పేకాటేమో, డబ్బు పెట్టి ఆడుతున్నారేమో అనుకుంటూ చూశాం. పేకల్లేవు, డబ్బూ లేదు. ఆ అమ్మాయి ఏదో చెబుతుంది, ఒకడు గొంతు మార్చి జవాబిస్తాడు, పాచిక వేస్తాడు, మిగతావాళ్ళు పకపకా నవ్వుతారు. మేము చూస్తున్నామని కనిపెట్టి ఆ అమ్మాయే మా బల్ల దగ్గరికి వచ్చింది. "ఊలే, మీరూ ఆడతారా?" అంది. ఊలే అంటే బాబాయ్ లాంటి పిలుపు.

మనం చిన్నప్పుడు రాజు, రాణి, మంత్రి, దొంగ అని చీటీలు రాసి మడిచి పడేసేవాళ్ళం కదా. దొంగని పట్టుకోగానే ఆట అయిపోయేది. ఇందులో చీటీ విప్పాకే ఆట మొదలవుతుంది. దొంగ ఎందుకు దొంగయ్యాడో, ఇప్పుడేం చేస్తాడో ఆ చీటీ తీసినవాడే చెప్పాలి. ఒకరు సూత్రధారి, మిగిలినవాళ్ళు పాత్రధారులు. సంగతి ఎటు తిరుగుతుందో తేలనిచోట పాచిక తీర్పు చెబుతుంది. అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో ఇలాంటి ఆటని మొదటిసారి అచ్చువేశారు. అది పెద్ద వ్యాపారమై లావుపాటి పుస్తకాలయింది. ఈ పిల్లలది ఆ బాపతు కాదు. కంపెనీల ఊసు లేకుండా ఎవరికి వారు రాసుకుని పంచుకునే చిన్న ఆటలు వేరే ఉన్నాయి. వీళ్ళకి మూలం జాన్ హార్పర్ అనే ఆయన 2013లో రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్. మొత్తం ఆట ఒకే ఒక పేజీ! ఎవరైనా మార్చుకుని మళ్ళీ పంచుకోవచ్చని ఆయనే అనుమతి ఇచ్చాడు కనుక దాన్నిబట్టి పుట్టిన ఆటలకి లెక్కలేదు.

ఆట నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. రెండు నుంచి అయిదు లోపల ఒక అంకె ఎంచుకోవాలి. బుర్రతో చేసే పనయితే పాచిక మీద ఆ అంకెకంటే తక్కువ పడాలి, మనసుతో చేసే పనయితే ఎక్కువ పడాలి. పెద్ద అంకె ఎంచుకుంటే మీరు బుర్రవారు, చిన్న అంకె ఎంచుకుంటే మనసువారు. మా డాక్టరుగారు నలభై ఏళ్ళు శాస్త్రాన్ని నమ్ముకున్న మనిషి. ఏ మాత్రం తడుముకోకుండా రెండు అంది!

అసలు కాగితంలో ఉన్నది ఆకాశంలో తిరిగే ఓడ. వీళ్ళు దాన్ని తీసేసి తమ ఊరి సర్క్యులర్ రైలు పెట్టుకున్నారు. ఆ రైలు అప్పట్లో సుమారు 46 కిలోమీటర్లు ఊరిచుట్టూ మూడుగంటల్లో తిరిగి బయలుదేరినచోటికే వచ్చేది. అందులో టిక్కెట్ కలెక్టరు ఒకడు, జాతకం చెప్పే ముసలాయన ఒకడు, బుట్టలో పళ్ళుపెట్టుకుని అమ్మే ఆమె ఒకర్తె. మా డాక్టరుగారికి పరాయిదేశం నుంచి వచ్చి, ఎక్కడ దిగాలో తెలియని ఆమె వేషం ఇచ్చారు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పేది ఆ అమ్మాయి బర్మీస్‌లోకి మార్చేది. గంట గడిచేసరికి ఆ రైల్లో ఒక పెళ్ళి కుదిరింది, ఒక పోలీసు ఉద్యోగం మానేశాడు. మా టీలు చల్లారిపోయాయి.

కాగితం ఎక్కడిదని అడిగితే గల్లాపెట్టె వైపు చూపించింది. కొట్టు యజమాని అక్కడ ఒక అట్ట ఫైలు పెట్టేడు. కావలసినవాళ్ళు పక్కనున్న జెరాక్సు కొట్టుకి పట్టుకెళ్ళి నకలు తీసుకుని అసలుది తెచ్చి ఇచ్చెయ్యాలి. ఎవరైనా ఆటని మారిస్తే ఆ మార్చినదాని నకలు ఒకటి ఫైల్లో పెట్టాలి. పుచ్చుకున్నవాడు ఏదో ఒకటి తిరిగి చేర్చాలన్న ఆ రెండో షరతు మాకు బాగా నచ్చింది.

ఈ పద్ధతి ఆ పిల్లలు కనిపెట్టిందేం కాదు. మన ఊళ్ళలో ఒకప్పుడు రోజుకింతని డిటెక్టివ్ నవలలు అద్దెకిచ్చే కొట్లు ఉండేవి గుర్తుందా? బర్మాలోనూ పేటపేటకీ అవి ఉండేవి. పన్‌సోడన్ వీధి పేవ్‌మెంటు మీద పాతపుస్తకాలతోబాటు, దేశంలో దొరకని విదేశీ పుస్తకాల నకళ్ళు కుట్టి అమ్మేవారు. అచ్చయ్యే ప్రతి పేజీనీ ముందుగా సర్కారువారు చదివి పాస్ చేసే ఆనవాయితీ దశాబ్దాలపాటు సాగి 2012 ఆగస్టులో ఆగింది. అలాంటిచోట, అచ్చు మొహం చూడని కాగితానికి టీ బల్లే ప్రచురణకర్త. తర్వాత ఫోన్లు వచ్చాయి. ఒకప్పుడు అక్కడ సిమ్ కార్డు వెల వెయ్యి డాలర్ల పైమాట. 2014లో విదేశీ కంపెనీలు రావడంతో 1500 చాట్లకి, అంటే డాలరున్నరకి దిగింది. అయినా ఇంటర్నెట్‌కి డబ్బు దండగని కుర్రకారు జాప్యా అనే సదుపాయంతో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పాటలూ ఆటలూ తోసుకునేవారు. పక్కపక్కన కూర్చుంటేనే అది పనిచేస్తుంది. మళ్ళీ టీకొట్టే!

టీ బల్ల మీద పంచుకునేది ఒక్కోసారి ఎంతదూరం పోతుందో చెప్పడానికి 1988 మార్చి 12 చాలు. ఇంజనీరింగు విద్యార్థులు కొందరు తమ కాలేజీ దగ్గర సాండావిన్ అనే టీకొట్టుకి వెళ్ళి, సాయ్ టీ సైన్ పాటల క్యాసెట్ పెట్టమన్నారు. అప్పటికే అక్కడున్న స్థానికులు ఒప్పుకోలేదు. మాటామాటా పెరిగి కొట్టుకున్నారు, ఒక విద్యార్థి గాయపడ్డాడు. కొట్టినవాడు అధికారి కొడుకని విడిచిపెట్టేశారు. మర్నాడు విద్యార్థులు రోడ్డెక్కితే పోలీసు కాల్పుల్లో ఫోన్ మా అనే విద్యార్థి చనిపోయాడు. అక్కడినుంచి ఆగస్టు 8 నాటికి దేశమంతా లేచింది. కారణాలు అంతకుముందే కుప్పలు పడున్నాయనుకోండి. కానీ నిప్పు రాజుకున్నది ఎవరి పాట వినాలన్న తగువుతో.

మనవాళ్ళ మాట కూడా చెప్పాలి. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినవాళ్ళు కనుక బర్మావాళ్ళు మన తెలుగు కూలీలని కోరంగీలు అన్నారు. అది ముద్దుపేరు కాదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. ఓడల్లో బరువులు ఎత్తింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా మనవాళ్ళు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నాయి. పేదవాడికీ పేదవాడికీ మధ్య కత్తులు లేచి వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది మనవాళ్ళు. 1942లో జపాను బాంబులకి జనం కాలినడకన అడవులు దాటారు. 1964లో కొట్లన్నీ జాతీయం చేశాక మిగిలినవాళ్ళలో చాలామంది కట్టుబట్టలతో విశాఖ రేవులో దిగారు. వెళ్ళనివాళ్ళ పిల్లలు బర్మా పేర్లతో, బర్మా మాటతో అక్కడే ఉన్నారు. ఆ టీకొట్టులో బర్మా చదరంగం ఆడే ముసలాయన ఒకాయన, మేం తెలుగువాళ్ళమని తెలిసి, "రండి, కూకోండి" అన్నాడు. ఆయన దగ్గర మిగిలిన తెలుగు ఇంచుమించు అంతే.

ఆ చదరంగం పేరు సిట్టుయిన్, మన చతురంగమే అలా మారిందంటారు. అందులో బంట్లకే చోటు ఖాయం. రాజునీ ఏనుగునీ గుర్రాన్నీ ఎవరికి నచ్చినట్టు వాళ్ళు వెనక పేర్చుకుని అప్పుడు ఆట మొదలెడతారు. ఆ పిల్లలు ఓడని రైలుగా మార్చుకోవడం చూశాక మాకిది వింతగా తోచలేదు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ గద్దె ఎక్కింది. మార్చిలో ఫోన్లలో ఇంటర్నెట్ ఆపేశారు. వీధుల్లో నిలబెట్టి ఫోన్లు విప్పి చూడడం మొదలైంది. 2022లో ఆ దేశపు కుర్రవాళ్ళు తయారుచేసిన ఒక ఫోన్ ఆట వచ్చింది, వార్ ఆఫ్ హీరోస్ అని. అందులో మీరు తిరుగుబాటుదారు వేషం వెయ్యాలి, ఆటమీద వచ్చే ప్రకటనల డబ్బు నిజం తిరుగుబాటుదారులకి వెళ్తుంది. అది ఫోన్లో దొరికితే కష్టమే. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు: మగవాళ్ళయితే 18 నుంచి 35, ఆడవాళ్ళయితే 18 నుంచి 27. ఆ బల్ల చుట్టూ మేము చూసిన అయిదుగురి వయసూ సరిగ్గా అదే.

ఆ అమ్మాయి మా డాక్టరుగారికి అప్పుడప్పుడు ఉత్తరం రాస్తూంటుంది. ఇప్పుడు థాయిలాండులో ఉంది. అయిదుగురిలో ఇద్దరు ఎక్కడున్నారో తనకీ తెలియదట. ఫైలుని యజమాని 2021లోనే తీసేశాడట. ఏ కాగితానికి ఏ అర్థం చెబుతారో అని, పారెయ్యడానికి మనసొప్పక పిల్లలకే తలా కొన్ని ఇచ్చేశాడు. తన వాటాకి వచ్చినవి పదకొండు కాగితాలు. అవి ఫోటోలు తీసి పంపింది. షరతు గుర్తుందా, మీరూ ఒకటి చేర్చాలి అని రాసింది.

అంచేత రైలు తీసేసి రాజమండ్రి నుంచి పాపికొండలకి వెళ్ళే లాంచీ పెట్టి ఒక పేజీ తెలుగులో రాశాం. దాని నకలు ఈ సంచిక చివర కుట్టాం. మొన్న ఆదివారం తెలుగు తరగతిలో ఆరుగురు పిల్లలచేత ఆడించి చూశాం కూడా. వేషాలు పంచడానికే ఇరవై నిమిషాలు పట్టింది, ఎందుకంటే సరంగు అంటే ఏమిటని నలుగురు అడిగారు. చెప్పాక ఆరుగురికీ ఆ వేషమే కావలసి వచ్చింది. తెలుగు పేజీ ఫోటో తీసి ఆ అమ్మాయికి పంపాం. తను అది చదవలేదు, అయినా పన్నెండో కాగితంగా లెక్కవేసుకున్నానని జవాబు రాసింది.