ఆలూరి బడిలో ఒక క్రియాపదము

పత్తి విచ్చిన దినములలో, ఆదోని మార్కెట్టుయార్డున వ్యాపారులు దూదిని చిటికెడు తీసి, రెండుచేతుల వ్రేళ్ళనడుమ సాగదీసి పింజ పొడవు నిర్ణయించుటను కన్నులార చూచి, ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఆలూరు చేరి, అచటి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి వెనుకబల్లపై కూర్చుంటిని. 1953 వరకు బళ్ళారి జిల్లాలోనుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాలో చేరిన తాలూకా యగుటచే, ఇంట కన్నడమును బడిలో తెలుగును పలుకు పిల్లలును ఆ తరగతిలో కలరు.

నాటి పాఠము 'వేరుపరచు' అను అర్థముగల 'డిస్టింగ్విష్' అను ఆంగ్లక్రియ. చెప్పువాడు ఆ బడిలోనే చదివి, 2019లో కార్ల ఉత్పత్తి నారంభించిన పెనుకొండ సమీపపు కియా కర్మాగారమున కొరియావారితో కలిసి పనిచేయుచు, సెలవుపై వచ్చిన యువకుడు. అతడు మూడు కొరియా మాటలు పలికెను: బుల్ అనగా నిప్పు, ప్పుల్ అనగా కొమ్ము, ప్హుల్ అనగా గడ్డి. పిల్లలు ఎంత చెవియొగ్గినను ఆ మూటి భేదము పట్టజాలరైరి. "వాళ్లకు ర, ల రెండింటికీ అక్షరం ఒకటే. రైట్, లైట్ అంటే వాళ్లు గూడా ఇట్లనే తికమక పడతారు" అని అతడనెను. ఒకరికి సహజమైనది వేరొకరికి దుర్గ్రాహ్యమగుట బుద్ధిలోపము కాదనియు, చెవికి తొలి వివేచనము నేర్పునది తల్లిభాషయే యనియు నాకు ఆ క్షణమున స్పష్టమయ్యెను.

పిమ్మట వ్యాకరణము. కొరియావారు 'గుబ్యొల్‌హద' అను అదే అర్థపు తమ క్రియకు రెండు వస్తువులను జోడించి కర్మగా నిలుపుదురు. మనమును 'మంచిచెడ్డలను వేరుపరచు' అని ద్వంద్వసమాసమునే కర్మగా నుంచెదము. కావుననే ఆంగ్లమున ఆ రెండింటిముందు 'బిట్వీన్' చేర్చుట వారును మరతురు, మనమును మరతుము. చేర్చనిచో, ఒకదానిని రెండవదానినుండి 'ఫ్రం'తో ఎడపరుపవలెను. సముద్రముల కావలి జాతికిని మనకును తప్పుకూడ ఒక్కటియే యని తెలిసినపుడు, ఆ తప్పునందు సిగ్గుపడవలసినది లేదని పిల్లల ముఖములు తేటపడెను.

వాక్యము చెప్పుమనగా పత్తిచేని పనికి పోవు ఇంటి బాలిక లేచి, "ఐ కెన్ డిస్టింగ్విష్ లాంగ్ కాటన్ ఫ్రం షార్ట్ కాటన్" అనెను.

"ఎట్లమ్మా?"

"ఇట్ల పీకి చూస్తే తెలుస్తాది సార్" అని, లేని దూదిని రెండుచేతుల సాగదీసి చూపెను. ఉదయము యార్డున నేను చూచిన చేతులవే.