తెల్లవారేదాకా సైకిలు మీద



మన పల్లెల్లో సైకిలు ఎక్కనివారు అరుదు. బడికి, పొలానికి, సంతకు, పాలకేంద్రానికి సైకిలే వాహనంగా బ్రతికిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. మా నాన్నగారు ఇరవై ఏళ్లపాటు తెల్లవారుజామున రెండు పాలక్యాన్లు కట్టుకొని పట్నం వెళ్లి వచ్చేవారు. అలాంటి ఇంట పుట్టిన మేము, ఒక సాయంత్రం బయలుదేరి మర్నాడు మధ్యాహ్నంలోగా 300 కిలోమీటర్లు తొక్కుతామని చెప్పినప్పుడు అమ్మ నమ్మలేదు. "రాత్రంతా లారీల మధ్య ఆ తొక్కుడు దేనికిరా? ఎవరిని మెప్పించడానికి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడు మా దగ్గర సరైన జవాబు లేదు.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం, మా బావగారు. ఈ ప్రయాణానికి మేము నాలుగు నెలలు సిద్ధపడ్డాము. ఆ సిద్ధపాటులో నేర్చుకున్న సంగతులు మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పందెం కాని పందెం

ఇలాంటి దూరప్రయాణాలను బ్రెవే అంటారు. ఇందులో మొదటివాడు, చివరివాడు అని ఉండరు. బహుమానం లేదు. గడువులోగా ముగించిన ప్రతి ఒక్కరూ సమానమే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. చేతికి ఒక కార్డు ఇస్తారు. దారిలో నియమించిన చోట్ల దానిమీద ముద్ర వేయించుకోవాలి. సైకిలు చెడిపోతే ఎవరిది వారే బాగుచేసుకోవాలి. వెనుక కారులో మనుషులు రావడం, అన్నం నీళ్లు అందించడం నియమాలకు విరుద్ధం.

ఈ ఆచారానికి మూలం ఫ్రాన్సు దేశంలో ఉన్నది. 1891లో ఒక వార్తాపత్రిక పారిస్ నుండి సముద్రతీరాన ఉన్న బ్రెస్ట్ పట్టణానికి వెళ్లి తిరిగి వచ్చే సైకిలు పందెం పెట్టింది. దూరం సుమారు 1200 కిలోమీటర్లు. షార్ల్ టెరోన్ అనే ఆయన 71 గంటల 22 నిమిషాల్లో ముగించి గెలిచాడు. ఇప్పుడు అదే దారిలో నాలుగేళ్లకొకసారి సామాన్యులు తొక్కే ప్రయాణం జరుగుతున్నది. గరిష్ఠ గడువు 90 గంటలు. ఆ పల్లెల ప్రజలు అర్ధరాత్రి ఇంటి ముందు బల్ల వేసి, ముక్కూమొగం తెలియని బాటసారులకు కాఫీ, అట్లు పెడతారట. మన దేశం నుండి కూడా వెళ్లివస్తున్నారు. మాకు అంత ఆశ లేదు. మాకు 300 చాలు.

ఆకలి నేర్పిన పాఠం

మొదటి నెల తెల్లవారుజామున ముప్పై, నలభై కిలోమీటర్లు తొక్కాము. రెండవ నెల హైదరాబాదు నుండి విజయవాడ రహదారి మీద చిట్యాల దాకా వెళ్లి తిరిగి రావాలనుకున్నాము. వెళ్లేటప్పుడు ఉత్సాహం కొద్దీ ఎక్కడా ఆగలేదు. తిరుగు దారిలో చౌటుప్పల్ దగ్గర తమ్ముడికి కళ్లు తిరిగి, చేతులు వణికి, సైకిలు దిగి రోడ్డు ప్రక్కన కూలబడ్డాడు. జ్వరమేమోనని భయపడ్డాము. అది ఆకలి అని ప్రక్కనున్న అరటిపండ్ల బండి అవ్వే చెప్పింది. నాలుగు పండ్లు, ఒక నిమ్మసోడా కడుపులో పడ్డాక అరగంటకు లేచి నిలబడ్డాడు.

కండరాలు, కాలేయం దాచుకొనే పిండిపదార్థపు శక్తి కొన్ని గంటల శ్రమతో తరిగిపోతుంది. అది అయిపోయాక ఎంత పట్టుదల ఉన్నా కాలు ఆడదు. కనుక ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే త్రాగాలి. అప్పటినుండి గంటకొకసారి ఒక అరటిపండో, పల్లీపట్టీయో, రెండు ఖర్జూరాలో నోట్లో వేసుకోవడం అలవాటు చేసుకున్నాము. ఉత్త నీళ్లు కాక ఉప్పు, పంచదార, నిమ్మరసం కలిపిన నీళ్లు సీసాల్లో పెట్టుకున్నాము. నూనె వస్తువులు, బిర్యానీ మానుకున్నాము. బరువు తిండి తిన్నవాడిని నిద్ర వెన్నంటి వస్తుంది.

మూడు గంటల వేళ

నిద్ర సంగతి మాకు మూడవ నెలలో తెలిసింది. ఒక శుక్రవారం రాత్రి సాధన కోసం సూర్యాపేట దారిలో బయలుదేరాము. రాత్రి దారి పగటి దారి వంటిది కాదు. వెనుక దీపం లేని ట్రాక్టరు హఠాత్తుగా ముందుంటుంది. రాంగ్ రూటులో మోటారుసైకిలు ఎదురొస్తుంది. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, చుట్టూ పెట్టిన రాళ్లు అలాగే వదిలేస్తారు. ఇవన్నీ చూసుకుంటూ నకిరేకల్ దాటాము. మూసీ వంతెన మీద చల్లగాలి హాయిగా తగిలింది.

తెల్లవారుజాము మూడు గంటలకు బావగారి సైకిలు తెల్లగీత దాటి మెల్లగా రోడ్డు మధ్యకు జరిగింది. మేము కేక వేశాము. వెనుక లారీ పెద్దగా హారన్ కొట్టి, ప్రక్కకు తిప్పి వెళ్లిపోయింది. బావగారు కళ్లు తెరిచే నిద్రపోయారు! ఆ డ్రైవరు మెలకువగా ఉన్నాడు గనుక మా అక్క బ్రతుకు నిలిచింది.

ముగ్గురం సైకిళ్లు నడిపించుకుంటూ ఒక టీ బడ్డీ చేరాము. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. బావగారు బల్ల మీద ఇరవై నిమిషాలు పడుకొని లేచారు. ముఖం తేటగా ఉన్నది. రాత్రి రెండు మొదలు అయిదు వరకు మనిషి శరీరం నిద్రనే కోరుతుంది. దానితో పంతం పనికిరాదు. కాసేపు కునుకు తీయడమే మందు. ఆ బల్ల మీదనే మేము ఒక నియమం పెట్టుకున్నాము: ముగ్గురిలో ఎవరు "ఆగుదాం" అన్నా మిగిలిన ఇద్దరూ మారు మాట్లాడక ఆగాలి. గడువు దాటిపోతే పోనీ.

ఇంటికి వచ్చి జరిగినది దాచకుండా చెప్పాము. అక్క ఏడ్చింది. అమ్మ చాలాసేపు ఊరకుండి, "ఆ నియమం నా ఎదుట మరోసారి చెప్పండి" అన్నది. ముగ్గురం చెప్పాము. అప్పుడుగాని అనుమతి దొరకలేదు.

బయలుదేరే ముందు

రేపు సాయంత్రం మా ప్రయాణం. గంటకు సగటున 15 కిలోమీటర్లు సాగితే చాలు. అయితే తిండికి, పంక్చరుకు, కునుకుకు పట్టే సమయం కూడా అందులోనే. సంచిలో రెండు ట్యూబులు, పంపు, టైరు విప్పే పనిముట్లు సర్దుకున్నాము. ముందు దీపం, వెనుక ఎర్రదీపం, వెలుతురు పడితే మెరిసే కోటు, హెల్మెట్ చూసుకున్నాము. అమ్మ పల్లీపట్టీలు పొట్లాలు కట్టింది. నాన్నగారు మూడు సైకిళ్ల బ్రేకులూ ఒక్కొక్కటే పట్టి చూశారు. గొలుసులకు నూనె వేసి, ఎక్కువైనది పాతగుడ్డతో తుడిచారు.

"ఇరవై ఏళ్లు పాలు మోశాను. ఒక్కరోజు కూడా తొందరపడి తొక్కలేదు. తొందరపడితే పాలు ఒలికేవి" అన్నారాయన.

ఎవరిని మెప్పించడానికని అమ్మ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మా దగ్గర జవాబు ఉన్నది. ఎవరినీ కాదు. ఒకరి అలసటను ఒకరు గుర్తించడం, ఆగవలసిన చోట సిగ్గుపడక ఆగడం ఈ నాలుగు నెలల్లో నేర్చుకున్నాము. కార్డు మీద చివరి ముద్ర పడినా పడకపోయినా, ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కలిసి అమ్మ చేతి అన్నం తింటాము.