నాన్నగారి వాచీతో మూడు ఊళ్లు

మా నాన్నగారు బడిపంతులుగా ఉన్న రోజుల్లో కొనుక్కున్న హెచ్.ఎం.టి. జనతా వాచీ అది. 17 రాళ్లది, రోజూ కీ ఇవ్వాలి. మొన్న వేసవిలో మా చిన్నవాడు లోపల ఏముందో చూద్దామని చాకుమొనతో మూత తీసి గెలికాడు. వాచీ ఆగిపోయింది. నాన్నగారు వాణ్ణి ఒక్క మాట అనలేదు గాని, ఖాళీ మణికట్టును మాటిమాటికీ చూసుకునేవారు. అది చూడలేక మేమిద్దరం దాన్ని తీసుకొని జగిత్యాల బయలుదేరాము.

అక్కడి వాచీ మెకానిక్ కంటికి అద్దం బిగించుకొని చాలాసేపు చూశాడు. "హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకున్నయి సార్. తెగలేదు. కాని నా చెయ్యి వణుకుతాంది, నేను ముట్టుకుంటె ఖరాబైతది. కోరుట్లకు పోండ్రి" అన్నాడు. వచ్చిన బేరాన్ని అలా వదులుకునేవారు ఎందరుంటారు?

కోరుట్లలో ఆయన చెప్పిన పెద్దమనిషి దొరికాడు. వెంట్రుకలాంటి ఆ స్ప్రింగు ముడుచుకొని విచ్చుకుంటుంటేనే లోపలి చక్రం ఊగుతుందట. సెకనుకు 5 టిక్కులు, అంటే గంటకు 18,000. చుట్లు ఒక్కచోట అంటుకున్నా వాచీ పరుగెత్తుతుంది. రెండు చేతుల్లో రెండు సన్నని పట్టకార్లు పట్టుకొని, ఊపిరి బిగబట్టి, ఆయన ఒక్కొక్క చుట్టునూ సవరించసాగాడు. మేము దగ్గడానికి కూడా భయపడ్డాము. హెచ్.ఎం.టి. వారు 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టారు. ఆ వాచీల కంపెనీని మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. అందుచేత స్ప్రింగు పాడైతే మరో పాత జనతాను వెతికి విప్పవలసిందే.

స్విట్జర్లాండులో ఫిలిప్ ద్యుఫూర్ అనే ఆయన తన పల్లెలోయలోనే ఉండి, ఎండిన జెన్షియన్ మొక్క కాడతో వాచీ భాగాలకు మెరుగుపెడతాడు. ఆ వాచీల ధర మనం ఊహించలేము. కోరుట్ల పెద్దమనిషి దగ్గర ఉన్నది చెక్కిన అగ్గిపుల్ల.

"రెండు దినాలు నడిపి చూస్త" అన్నాడు. ఆ రెండు దినాలూ వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లి మా అక్కయ్య ఇంట ఉన్నాము. అక్కడ తెల్లవారేది సాంచెల చప్పుడుతోనే. ఇంత మరమగ్గాల ఊరిలోనే నల్ల పరంధాములు, ఆయన కుమారుడు విజయ్ అగ్గిపెట్టెలో ఇమిడే చీరను నేశారు. వెల్ది హరిప్రసాద్ చేతిమగ్గంపై జి-20 గుర్తును నేసి పంపితే, 2022 నవంబరులో ప్రధానమంత్రి రేడియోలో ఆయన పేరు చెప్పారు. అక్కయ్య ఇంటి పక్కన ఒక ముసలాయన తెగిన పోగును చూడకుండానే, వేళ్లతో తడిమి ముడివేస్తున్నాడు. ఆయన కొడుకులు సూరతులో ఉన్నారట.

తిరుగుదారిలో కోరుట్ల దిగాము. వాచీ నడుస్తోంది! పెద్దమనిషి మాత్రం సంతోషించలేదు. "దినానికి ఇరవై సెకన్లు ముందుకు పోతాంది. పది దినాలు పెట్టుకొని మళ్ల తెండ్రి" అన్నాడు. నూటయాభై రూపాయలే అడిగాడు. ఎవరైనా నేర్చుకుంటున్నారా అని అడిగితే, పక్కనున్న ఖాళీ స్టూలు చూపించాడు.

ఇంటికి రాగానే నాన్నగారు వాచీని చెవి దగ్గర పెట్టుకొని విని, చిన్నవాణ్ణి పిలిచి వాడి చెవికి ఆనించారు. ఇప్పుడు పొద్దున్నే కీ ఇచ్చేది వాడే. ఇరవై సెకన్లు ఫరవాలేదంటారు నాన్నగారు. మేము మాత్రం వచ్చే శనివారం మళ్లీ కోరుట్ల వెళ్లవలసియున్నది.