చవర తీరాన నల్ల ఇసుక

కొల్లం నుండి అలప్పుళకు పోయే రహదారిపై నీండకర వంతెన దాటిన కొద్దిసేపటికే చవర వస్తుంది. ఎడమచేతివైపు కొబ్బరితోటలు, వాటి ఆవల అరేబియా సముద్రం. అక్కడి ఇసుకను తొలిసారి చూసినవారు బొగ్గుపొడి కలిసిందేమోనని భ్రమపడతారు. దోసిట పట్టిచూస్తే మామూలు ఇసుకకంటె బరువుగా తోస్తుంది.

ఆ నల్ల రేణువే ఇల్మెనైట్. ఇనుము, టైటానియం, ప్రాణవాయువు మూడూ అందులో పెనవేసుకుని ఉంటాయి. ఫౌండ్రీలో పనిచేసే మాబోటివారికి ఇనుము అన్నంపెట్టే లోహం. ఇక్కడి కర్మాగారంలోనో, ఆమ్లంతో కడిగి వదిలించుకోవలసిన మలినం!

ఒకే రేణువులో పుట్టిన ఈ రెండు లోహాల స్వభావాలు ఎంత వేరు! పోత ఇనుము ఘన సెంటీమీటరుకు సుమారు 7.2 గ్రాములు తూగుతుంది. విమానాలలో విరివిగా వాడే, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిసిన టైటానియం మిశ్రలోహం 4.43 గ్రాములే. లాగితే తట్టుకొనే బలం దీనికి సుమారు 900 మెగాపాస్కల్స్. సాధారణ బూడిదరంగు పోత ఇనుముకు 150 నుండి 400 వరకే. ఇనుములోని గ్రాఫైటు రేకులు సన్నని పగుళ్లవలె పనిచేయడమే ఇందుకు కారణం. అయితే ఆ రేకులే ప్రకంపనలను మింగివేస్తాయి. కనుకనే లేతు మంచం నేటికీ పోత ఇనుముతోనే పోస్తారు. అదిమే బరువుకు అది లాగుడుకంటె మూడు నాలుగు రెట్లు ఓర్చుకుంటుంది. వేడిని త్వరగా పంచుతుంది గనుక బ్రేకు డ్రమ్ములకు అనువైనది. టైటానియంలో వేడి సాగదు. కోతపనిలో అదంతా పనిముట్టు మొనవద్దనే నిలిచి మొనను తినివేస్తుంది. ఉప్పునీటిలో మాత్రం టైటానియానికి సాటి లేదు.

మరి ఇంత ఇసుక ఉండగా ఆ లోహం అంత ప్రియమెందుకు? పోత ఇనుము 1200 డిగ్రీల లోపే కరిగి అచ్చులోకి నీళ్లలా పారుతుంది. టైటానియం కరగడానికి 1668 డిగ్రీలు కావాలి. పైగా వేడిలో గాలిని పీల్చుకుని పెళుసెక్కుతుంది. అందుచేత ఖనిజాన్ని క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో క్షయకరించి, రంధ్రాలతో నిండిన స్పాంజిని తీసి, దానిని శూన్యంలో కరిగించాలి. చవరలో ఏటా 500 టన్నుల సామర్థ్యంగల స్పాంజి కర్మాగారం 2011లో ప్రారంభమైంది. దాని పరిజ్ఞానం మన హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయానిది. ఖర్చు భరించినది అంతరిక్ష సంస్థ. తెలుగువాడిగా ఆ మాట విని కొంత గర్వపడ్డాను, దాచనేల?

ఆ గర్వం ఉత్తరదిశగా సాగినకొద్దీ కొంత తగ్గింది. ఆలప్పాడ్ సముద్రానికీ కాలువకూ నడుమ సన్నని పట్టీలాంటి గ్రామం. 2004 సునామీ అక్కడ ఎందరినో పొట్టనబెట్టుకున్నది. ఇసుక తవ్వకాలతో తమ నేల కరిగిపోతున్నదని ఆ ఊరివారు 2018 నవంబరులో రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. రాకెట్టుకు తేలికైన లోహం కావాలి, నిజమే. కాని కాళ్లకింది నేల గురించి వారి భయాన్ని తేలికగా తీసివేయలేము. ఆ ఊళ్లో కొన్నిచోట్ల ఇంటి గడపకూ అలలకూ మధ్య రాతిగోడ ఒక్కటే అడ్డం.