ప్రాసెసర్ చివర ఆ ‘ఎఫ్’

శ్రావణం ముహూర్తాలు మొదలైతే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ స్టూడియోల్లో మిక్సింగ్ సిస్టమ్‌లకు రాత్రీ పగలూ ఉండదు. అప్పుడే ఫోన్లు: “అన్నా, ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించమంటవ్?”

కార్డు సంగతి తర్వాత, ఏ కెమెరాతో తీస్తున్నవ్ తమ్మీ? కొత్త సోనీలో హెచ్.265, 10 బిట్, 4:2:2 పెట్టి తీస్తే చాలా కార్డులకు ఆ ఫైలు అరగదు. ఎన్‌విడియాలో ఆ సదుపాయం 2025లో, ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో గానీ రాలేదు. ఇంటెల్ ప్రాసెసర్లో ఉండే క్విక్ సింక్ 11వ తరం నుంచే ఆ పని చేస్తోంది. పెళ్లి వీడియోలవాళ్లకు అలవాటైన ఎడియస్ కూడా దాన్నే వాడుకుంటుంది. కానీ పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ చిప్‌లో ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. కొంచెం చవక కాబట్టి కొటేషన్‌లో తరచుగా అదే కనబడుతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు బస్సెక్కే ముందే ఆ అక్షరం చూసుకోండి.

ర్యామ్ 32 జీబీ ఉంటే మంచిది. ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని 2025 చివర్లో దాని ధర మండిపోయింది, ఏం చేస్తాం!

ఆడియోకైతే ఖరీదైన కార్డుతో పనే లేదు. పెద్దగట్టు జాతరలో డప్పుల హోరుకు మైకు లెవెల్ ఎర్రగీత దాటి శబ్దం పగిలిందంటే, లక్షల సిస్టమ్ కూడా దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. ఆ డబ్బు మైకుకూ హెడ్‌ఫోన్లకూ పెట్టండి. యూపీఎస్ మర్చిపోవద్దు.

ఏఎండీ గురించి అడుగుతారని తెలుసు. అది ఇంకో పోస్టులో.